పాత సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో స్పేస్ సూట్‌ని మళ్ళీ వాడారా? కనిపెట్టడం ఎలా

"ఈ సినిమాలో గ్రహాంతరవాసి వేసుకున్న సూట్ ఇంకో సినిమాలో చూసినట్టుందే, రెండూ ఒకటేనా?" పాత హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్ చూసేవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. చాలాసార్లు జవాబు "అవును" అనే వస్తుంది. 1950, 60లలో చిన్న బడ్జెట్ నిర్మాతలకు కొత్త హెల్మెట్ చేయించడం కంటే ఉన్నదానికి రంగేసుకోవడం చౌక. అయితే "చూసినట్టుంది" అనడం వేరు, "అదే" అని తేల్చడం వేరు. ఆ రెండో పని ఎలా చేయాలో చూద్దాం. అనుభవం లేకపోయినా ఒక జత సినిమాలను ఒక సాయంత్రంలో తేల్చేయొచ్చు.

ముందే ఒక మాట గట్టిగా పట్టుకోండి: సూట్‌ని ఒకే వస్తువుగా చూడకండి. అది హెల్మెట్, మెడ రింగు, ఒంటి బట్ట, ఛాతీ పెట్టె, గొట్టాలు, వీపు సంచి, చేతి తొడుగులు, బూట్లు కలిపి పేర్చిన సెట్టు. ఒక సినిమా నుంచి ఇంకో సినిమాకు ఇవి విడివిడిగా ప్రయాణం చేస్తాయి. మన పౌరాణిక నాటకాల అద్దె దుస్తుల్లో ఒకే కిరీటానికి పింఛం గుచ్చితే కృష్ణుడు, తీసేస్తే ఇంకో రాజు. ఇక్కడా జరిగేది అంతే. ప్రశ్నను "ఏ సూట్ మళ్ళీ వచ్చింది" నుంచి "ఏ ముక్క మళ్ళీ వచ్చింది"కి మార్చుకుంటే సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

కావలసినవి

- రెండు సినిమాలకూ దొరికినంతలో మంచి ప్రింట్. బ్లూరే ఉంటే అది, లేకపోతే డీవీడీ. కుదించిన ఆన్‌లైన్ వీడియో ఆఖరి దిక్కు.
- ఫ్రేమ్ ఫ్రేమ్‌గా నడిపే ప్లేయర్. వీఎల్‌సీ చాలు, డబ్బు కట్టక్కర్లేదు.
- బొమ్మల మీద కొలతలు తీసే సాఫ్ట్‌వేర్. గింప్‌లో కొలత పరికరం ఉంది, పొరలు పేర్చే వీలూ ఉంది.
- ఒక స్ప్రెడ్‌షీట్, లేదా గీతల నోట్‌బుక్.
- సినిమాల నిర్మాణ వివరాలు: ఏ స్టూడియో, ఏ నిర్మాత, ఎప్పుడు తీశారు, ఎప్పుడు విడుదల చేశారు.
- సూట్‌కి సంబంధం లేని మూడో సినిమా ఒకటి. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

ఏఐతో పదును పెట్టిన వీడియోలను ఈ పనికి వాడొద్దు. లేని రివెట్లను (రేకులను కలిపి బిగించే మేకులు) పుట్టిస్తాయి, ఉన్న సొట్టలను నున్నగా చేసేస్తాయి. బ్లాక్ అండ్ వైట్ సినిమాకు తర్వాత రంగులద్దిన ప్రింట్లతోనూ ఇదే చిక్కు: ఆ రంగు ఎవరో ఊహించి వేసింది, సాక్ష్యం కాదు.

తీర్పు ఎన్ని రకాలు

మొదలుపెట్టే ముందే మీ తీర్పు ఈ ఐదింటిలో ఏదో ఒకటి అవుతుందని తెలిసి ఉండాలి.

అదే వస్తువు: సరిగ్గా ఆ హెల్మెటే, ఆ జాకెట్టే. అదే జట్టు: ఒక సినిమాకు నాలుగో ఆరో కుట్టించిన సూట్లలో ఒకటి, ఏదో చెప్పలేం. అదే రకం: ఒకే అచ్చులో పోసిన హెల్మెట్లు, లేదా సైన్యం వాడి అమ్మేసిన ఒకే మోడల్ సూట్లు. పోలిక మాత్రమే: చూసి కుట్టించుకున్న నకలు. ఫుటేజ్ మాత్రమే: బట్ట మళ్ళీ రాలేదు, పాత ఫిల్మ్ ముక్కనే కొత్త సినిమాలో అతికించారు.

ఎక్కువమంది మొదటిదానికి ఎగబడతారు. నిజానికి తెర మీద చూసి నిలబెట్టగలిగేది చాలాసార్లు రెండోదే. అందులో చిన్నతనం ఏమీ లేదు.

1. ప్రింట్ ఆకారం సరిచూసుకోండి

1953కు ముందు హాలీవుడ్ సినిమాలు దాదాపు చతురస్రానికి దగ్గరగా, 1.37:1 నిష్పత్తిలో ఉంటాయి. వాటిని వెడల్పు టీవీకి సాగదీసిన ప్రింట్ అయితే గుండ్రటి హెల్మెట్ గుమ్మడికాయలా కనిపిస్తుంది. ఫ్రేమ్‌లో కచ్చితంగా గుండ్రంగా ఉండాల్సిన వస్తువు ఒకటి వెతకండి: గోడ మీద మీటర్, ఓడ కిటికీ, కెమెరాకు ఎదురుగా ఉన్న డయల్. దాని అడ్డం కొలత, నిలువు కొలత సమానంగా ఉన్నాయా? లేకపోతే ముందు బొమ్మను సరిచేయండి, తర్వాతే మిగతా పని.

సినిమాస్కోప్ సినిమాలతో ఇంకో తిరకాసు ఉంది. తొలినాళ్ళ సినిమాస్కోప్ లెన్సులు దగ్గరి షాట్లలో ముఖాలను అడ్డంగా ఉబ్బించేవి. 1956 నాటి ఎంజీఎం వారి ఫర్బిడెన్ ప్లానెట్ ఇలాంటి సినిమాయే. దాని క్లోజప్పులు కొలతలకు పనికిరావు. మోకాళ్ళ దాకా కనిపించే మధ్యస్థ షాట్లు తీసుకోండి.

2. ఫ్రేములు తీయండి

వీఎల్‌సీలో ఇంగ్లిష్ 'ఈ' (E) కీ నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరుగుతుంది. విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని 'ఎస్' నొక్కితే ఆ ఫ్రేమ్ బొమ్మగా సేవ్ అవుతుంది. సెట్టింగ్స్‌లో బొమ్మ రకం పీఎన్‌జీ అని పెట్టుకోండి. జేపెగ్ అయితే కుట్ల దగ్గర మరకలు పడతాయి.

ఒక్కో సూట్‌కి కనీసం ఈ ఆరు కోణాలు కావాలి: ఎదురు, ఎడమ పక్క, కుడి పక్క, వీపు, మెడ దగ్గర, చేతి తొడుగు మణికట్టు దగ్గర. అన్నీ దొరకవు. వీపు షాట్ దొరికితే మాత్రం వదలకండి. ముందు భాగాన్ని కొత్త సినిమా కోసం అలంకరించేస్తారు, వీపును ఎవరూ పట్టించుకోరు. పాత గుర్తులు అక్కడే మిగిలిపోతాయి.

అమెరికన్ డీవీడీల్లో ఒక ఇబ్బంది. 24 ఫ్రేముల సినిమాను టీవీ వేగానికి సర్దేటప్పుడు ప్రతి అయిదు ఫ్రేముల్లో రెండు దువ్వెన పళ్ళలా చీలిపోయి ఉండొచ్చు. మిగతా మూడు శుభ్రంగానే ఉంటాయి. చీలినది వస్తే ఒకటి రెండు ఫ్రేములు ముందుకు జరగండి.

ఫైల్ పేరులో సినిమా పేరు, సంవత్సరం, నిమిషం, సెకను పెట్టండి. వంద బొమ్మలు పోగయ్యాక "ఇది ఎక్కడిది" అని తల పట్టుకోవడం కంటే ఇప్పుడే పేరు పెట్టుకోవడం తేలిక.

3. ఒక్క సినిమా లోపల ఎన్ని రకాలున్నాయో ముందు తేల్చండి

ఈ మెట్టు దాటేసినవాళ్ళే ఎక్కువగా పప్పులో కాలేస్తారు. రెండు సినిమాలను పోల్చే ముందు, ఒకే సినిమాలో ఒకే పాత్ర వేసుకున్న సూట్ అన్ని షాట్లలో ఒకటేనా అని చూడాలి.

రిపబ్లిక్ స్టూడియో వారి రాకెట్ మనిషి దీనికి మంచి ఉదాహరణ. 1949లో కింగ్ ఆఫ్ ది రాకెట్ మెన్ సీరియల్‌లో (థియేటర్లలో వారానికో భాగం చొప్పున ఆడిన సినిమా) తోలు జాకెట్, తుపాకి గుండు ఆకారపు హెల్మెట్, వీపున రెండు రాకెట్ గొట్టాలు, ఛాతీ మీద ఆన్-ఆఫ్, అప్-డౌన్, ఫాస్ట్-స్లో డయళ్ళు కనిపిస్తాయి. ఈ హెల్మెట్లు రెండు రకాలు, ఆకారాలు కొద్దిగా వేరు. తేలికైనది స్టంట్ల కోసం. ఇక ఆకాశంలో దూసుకుపోయే షాట్లలో ఉన్నది మనిషే కాదు. ఆ స్టూడియో ట్రిక్ షాట్ల నిపుణులు లైడెకర్ సోదరులు తీగల మీద జారవిడిచిన బొమ్మ. అంటే ఒకే సీరియల్‌లో మూడు రూపాలు. ఇది తెలియకపోతే ఈ సీరియల్ స్టంట్ హెల్మెట్‌ని తర్వాతి సీరియల్ క్లోజప్ హెల్మెట్‌తో పోల్చి "వేరు" అని తేల్చేస్తారు.

కాబట్టి ప్రతి సినిమాకూ ఒక పట్టిక వేయండి: క్లోజప్ సూట్, స్టంట్ సూట్, దూరపు షాట్ సూట్ లేదా బొమ్మ. పోల్చేటప్పుడు క్లోజప్‌ని క్లోజప్‌తో, స్టంట్‌ని స్టంట్‌తో.

4. ముక్కలుగా విడదీయండి

అసలు పని ఇదే, దీనికి సమయం కేటాయించండి. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో ముక్కకు ఒక వరుస, ఒక్కో సినిమాకు ఒక నిలువు గడి. గమనించాల్సినవి ఇవి.

హెల్మెట్: ముందు అద్దం అంచు ఆకారం, అద్దం పైకి లేస్తుందా, కీలు ఎక్కడ ఉంది, రివెట్లు లేదా స్క్రూలు ఎన్ని, వాటి మధ్య దూరం సమానమేనా. రివెట్లు చేత్తో కొట్టినవైతే దూరాలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఆ ఎగుడుదిగుడే మీకు వేలిముద్ర. చాలా హెల్మెట్లలో అసలు అద్దమే ఉండదు, లైట్ల ప్రతిబింబం పడకుండా తీసేస్తారు. అందుకని "దానిలో అద్దం ఉంది, దీనిలో లేదు" అన్నది తేడా కింద లెక్క కాదు.

మెడ రింగు: నా లెక్కలో అన్నిటికంటే నమ్మదగిన ముక్క ఇదే. లోహంతోనో ఫైబర్‌గ్లాస్‌తోనో చేసి ఉంటుంది కాబట్టి బట్టలా సాగదు, ముడుచుకోదు. మార్చాలంటే హెల్మెట్, సూట్ రెండూ మార్చాలి, ఆ ఖర్చు ఎవరూ పెట్టుకోరు. గొళ్ళేలు ఎన్ని, ఏ గంట స్థానంలో ఉన్నాయో రాయండి. గడియారంలా ఊహించుకుని "2, 6, 10" అని రాస్తే తేలిక.

ఒంటి బట్ట: జిప్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, ఎడమ మీద కుడి పడిందా, కుడి మీద ఎడమా. భుజం కుట్టు ఎక్కడ ఉంది. మోచేయి, మోకాలి మడతలు కుట్టి పెట్టినవా, వంగినప్పుడు పడినవా. నటుడు మారితే సూట్‌ని బిగిస్తారు, వదులు చేస్తారు, చేతులు కత్తిరిస్తారు. పొడవు తేడాను పట్టించుకోకండి, కుట్టు గీత దారిని పట్టుకోండి.

ఛాతీ పెట్టె, గొట్టాలు: అతి తేలిగ్గా మారేవి ఇవే. ఒకటేలా ఉంటే అది చిన్న ఆధారం. వేరుగా ఉంటే అసలు ఆధారమే కాదు. కానీ పాత గొట్టం పీకేసిన చోట మిగిలిన రంధ్రం, లేదా దాన్ని మూసిన బిళ్ళ కనిపిస్తే అది బంగారం. కొత్త సినిమా కథకు అవసరం లేని రంధ్రం ఎందుకుంది అని అడగండి.

తొడుగులు, బూట్లు: వీటి మీద ఎక్కువ సమయం పెట్టకండి. మార్కెట్లో కొన్న మామూలు వస్తువులు చాలా ఉంటాయి, మణికట్టు దగ్గర రింగు ఉంటే తప్ప.

ఇక్కడే ఒక మెలిక. ఫైబర్‌గ్లాస్ హెల్మెట్లను అచ్చులో పోస్తారు. అచ్చులో లోపం ఉంటే ఆ అచ్చులో పుట్టిన ప్రతి హెల్మెట్‌కీ అదే చోట అదే గడ్డ వస్తుంది. కాబట్టి ఒకేలాంటి గడ్డ కనిపించిందని "అదే హెల్మెట్" అనకూడదు. "అదే అచ్చు" అని మాత్రం అనొచ్చు. పోత తర్వాత తగిలిన దెబ్బలే వస్తువును పట్టిస్తాయి: అంచు ఊడిన పెచ్చు, సొట్ట, గీత, వంకరగా బిగించిన స్క్రూ. ఇలాంటివి కనీసం రెండు, వేర్వేరు చోట్ల, రెండు సినిమాల్లోనూ కనిపిస్తేనే "అదే వస్తువు" అని రాయండి.

5. కొలవండి

పిక్సెళ్ళను నేరుగా పోల్చడం వృథా. నిష్పత్తులు పోల్చాలి. ఉదాహరణకు మొదటి సినిమా ఫ్రేమ్‌లో మెడ రింగు వెడల్పు 240 పిక్సెళ్ళు, హెల్మెట్ ఎత్తు 320 ఉంటే నిష్పత్తి 0.75. రెండో దానిలో 180, 238 ఉంటే 0.756. తేడా ఒక శాతం లోపే, సరిపోయినట్టే. సుమారు 3 శాతం దాకా ఒప్పుకోవచ్చు. 5 దాటితే కోణమో ప్రింటో తప్పు, లేదా వస్తువే వేరు.

రెండు జాగ్రత్తలు. హెల్మెట్ కనీసం 150 పిక్సెళ్ళ వెడల్పు లేని ఫ్రేమ్‌ని కొలవకండి. వంద పిక్సెళ్ళ బొమ్మలో రెండు పిక్సెళ్ళ పొరపాటు అంటే అప్పుడే 2 శాతం. తల పక్కకు తిరిగినా వెడల్పు తగ్గిపోతుంది, కాబట్టి రెండు షాట్లలోనూ నటుడు కెమెరాకు సూటిగా ఉండాలి. కొలవడం బోరు కొడితే రెండు బొమ్మలను గింప్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి, పై పొరను సగం పారదర్శకం చేసి, మెడ రింగు రెండు చివరలూ కలిసేలా పరిమాణం సర్దండి. అద్దం అంచు, కీలు తమంతట తామే కలిస్తే మీ పని దాదాపు అయినట్టే.

6. బట్టా, ఫుటేజా?

ఇది తేల్చకుండా ముందుకు వెళ్ళకండి. కొత్త సినిమాలోని ఆ షాట్‌లో కొత్త నటుడి ముఖం స్పష్టంగా కనిపిస్తోందా? ముఖం కనిపించే షాట్‌లో సూట్ లేకుండా, సూట్ ఉన్న షాట్లన్నీ దూరం నుంచో వెనక నుంచో ఉంటే అనుమానించండి. ఫిల్మ్ గరుకుదనం, వెలుతురు, నీడల దిశ ఆ షాట్‌లో ఒక్కసారిగా మారినా అంతే.

సోవియట్ సినిమాలతో ఇది బాగా జరిగింది. పావెల్ క్లుషాంత్సేవ్ 1962లో తీసిన ప్లానెటా బుర్‌ని హాలీవుడ్ చిన్న బడ్జెట్ నిర్మాత రోజర్ కోర్‌మన్ కొని, అమెరికన్ నటులతో కొన్ని దృశ్యాలు కలిపి 1965లో వాయేజ్ టు ది ప్రీహిస్టారిక్ ప్లానెట్‌గా, 1968లో వాయేజ్ టు ది ప్లానెట్ ఆఫ్ ప్రీహిస్టారిక్ విమెన్‌గా రెండుసార్లు విడుదల చేయించాడు. శుక్రగ్రహం మీద సూట్లేసుకుని తిరిగేవాళ్ళు అసలు సోవియట్ నటులే, ఇంగ్లిష్ డబ్బింగ్‌తో. దీన్ని "సూట్ మళ్ళీ వాడారు" అని రాస్తే తప్పు.

దీనికి తలకిందులైన సంగతి ఇంకా ఆసక్తికరం: ఫుటేజ్ మళ్ళీ వాడాలనే బట్టను మళ్ళీ వాడటం. రిపబ్లిక్ వారు 1945లో ది పర్పుల్ మాన్‌స్టర్ స్ట్రైక్స్ సీరియల్‌లో రాయ్ బార్‌క్రాఫ్ట్‌కి వేసిన మార్షియన్ దుస్తులను 1950లో ఫ్లయింగ్ డిస్క్ మ్యాన్ ఫ్రమ్ మార్స్‌లో ఇంకో నటుడికి వేశారు. అప్పుడైతేనే పాత సాహస దృశ్యాలు కొత్త కథలో అతుకు కనిపించకుండా కలుస్తాయి. 1952లో రాడార్ మెన్ ఫ్రమ్ ది మూన్‌లో చంద్రగ్రహ పాలకుడు రెటిక్‌గా మళ్ళీ బార్‌క్రాఫ్టే అవే దుస్తులతో వచ్చాడు. రాకెట్ మనిషి కథా ఇదే. నటులు మారారు: ట్రిస్ట్రమ్ కాఫిన్, జార్జ్ వాలెస్, జడ్ హోల్‌డ్రెన్. జాకెట్, హెల్మెట్ మారలేదు. ఎగిరే షాట్లూ మారలేదు. ఇలాంటి చోట "బట్ట, ఫుటేజ్ రెండూ" అని రాసి, ఏ నిమిషం ఏదో విడిగా చూపించాలి.

7. రంగును ఆఖరున చూడండి

కొత్తవాళ్ళు మొదట చూసేది రంగే. ఆఖరున చూడాల్సిందీ అదే. 1950 నాటి డెస్టినేషన్ మూన్ మూడు రంగుల పద్ధతి అయిన టెక్నికలర్‌లో తీసింది. ఎవరెవరో ప్రేక్షకుడు గుర్తుపట్టాలని నలుగురికీ నాలుగు రంగుల సూట్లు వేశారు. మరుసటి ఏడాది మోనోగ్రామ్ వారి ఫ్లైట్ టు మార్స్‌లో ఆ సూట్లే మార్స్ మనుషుల ఒంటి మీద కనిపిస్తాయి. కానీ అది సినీకలర్. రెండు రంగుల నుంచి వచ్చిన ఆ పద్ధతిలో కొన్ని ఛాయలు అసలు పలకవు. ఒకే బట్ట రెండు సినిమాల్లో రెండు రంగులుగా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. 1964లో రాబిన్సన్ క్రూసో ఆన్ మార్స్‌లో బానిసలను తోలే గ్రహాంతరవాసులకూ ఆ పాత సూట్లే వేశారు. పద్నాలుగేళ్ళ పాత బట్టలన్నమాట.

ఇవి కాక ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లు ఏళ్ళు గడిచేకొద్దీ గులాబీ రంగుకు తిరుగుతాయి. బ్లాక్ అండ్ వైట్‌లోనైతే ఎరుపు, ఆకుపచ్చ ఒకే బూడిద రంగులో పడొచ్చు.

రంగు వేయడం సరేసరి. 2001: ఎ స్పేస్ ఒడిస్సీ (1968)కి చెందిన ఒక సూట్ 2020లో వేలానికి వచ్చినప్పుడు, దాని హెల్మెట్ మీద తెలుపు, ఆకుపచ్చ, పసుపు, మళ్ళీ తెలుపు పొరలు బయటపడ్డాయి. ఒక్క సినిమా షూటింగ్‌లోనే అన్నిసార్లు! ఆ సినిమాలో అంతరిక్ష నౌక కంప్యూటర్‌ని ఆపడానికి వెళ్ళే దృశ్యంలో వ్యోమగామి బౌమన్ ఎర్ర సూట్ మీద ఆకుపచ్చ హెల్మెట్ పెట్టుకుని ఉంటాడు. హెల్మెట్ లేకుండా బయటికి వెళ్ళినవాడు, దొరికింది తగిలించుకున్నాడు. కథలోనే ముక్కలు కలిసిపోయిన చోటు ఇది.

8. వస్తువు చేతులు మారిన దారి కనుక్కోండి

తెర మీద ఎంత కలిసినా, ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా వెళ్ళిందో దారి ఉండాలి. నాలుగు దారులు వెతకండి.

ఒకే స్టూడియో. రిపబ్లిక్ సీరియళ్ళు, స్టార్ ట్రెక్ టీవీ సిరీస్ ఇలాంటివే. 1968లో ది థోలియన్ వెబ్ ఎపిసోడ్ కోసం విలియం వేర్ థైస్ రూపొందించిన వెండి రంగు సూట్లు అదే సీజన్‌లో, 1969 జనవరిలో ప్రసారమైన హూమ్ గాడ్స్ డిస్ట్రాయ్‌లో కాపలావాళ్ళ మీద మళ్ళీ కనిపిస్తాయి.

ఒకే ఆవరణ. ట్వైలైట్ జోన్ టీవీ సిరీస్‌ని ఎంజీఎం స్టూడియోలో తీసేవారు, అందుకే 1960 నాటి ది మాన్‌స్టర్స్ ఆర్ డ్యూ ఆన్ మేపుల్ స్ట్రీట్ చివర్లో వచ్చే గ్రహాంతరవాసులకు ఫర్బిడెన్ ప్లానెట్ యూనిఫాంలు దొరికాయి. స్పేస్ సూట్ కాదు, యూనిఫాం. అయినా పద్ధతి ఒకటే.

అద్దె. 1958 నాటి క్వీన్ ఆఫ్ ఔటర్ స్పేస్ తీసింది అలైడ్ ఆర్టిస్ట్స్, ఎంజీఎం కాదు. అయినా వ్యోమగాముల ఒంటి మీద ఫర్బిడెన్ ప్లానెట్ యూనిఫాంలే. స్టూడియో గోడ దాటి బట్టలు బయటికి వచ్చేవి అన్నమాట. అద్దె దుస్తుల సంస్థల్లో 1912లో మొదలైన వెస్టర్న్ కాస్ట్యూమ్ పెద్దది. దాని బట్టల లోపల నటుడి పేరు, నంబరుతో లేబుల్ కుడతారు. వేలం జాబితాల ఫోటోల్లో ఆ లేబుల్ కనిపిస్తే అది తెర మీద దొరకని సాక్ష్యం.

వేలం. ఎంజీఎం తన గోదాముల్లోని దుస్తులు, సామాగ్రి 1970లో వేలం వేసేసింది. ఆ తర్వాత ఎంజీఎం వస్తువు ఎక్కడ తేలినా వింత కాదు.

మిలిటరీ అమ్మకాల సంగతి వేరు, అక్కడ "అదే వస్తువు" అనే మాట దాదాపు నిలబడదు. బ్రిటిష్ వాయుసేన కోసం విండాక్ పేరుతో తయారైన ఎత్తైన గగనతలపు సూట్ రకం 1966లో డాక్టర్ హూ టీవీ సీరియల్‌లోని ది టెన్త్ ప్లానెట్‌లో వ్యోమగాములకు, 1980లో స్టార్ వార్స్ సినిమా ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్‌లో బల్లి ముఖం పాత్ర బాస్క్‌కి వేశారు. మోడల్ ఒకటే. ఇలాంటి సూట్లు ఒకేలా బోలెడు తయారవుతాయి. "అదే రకం" అని రాసి ఆగండి.

9. తీర్పు రాయండి

ముక్కకో తీర్పు. "మెడ రింగు: అదే జట్టు. హెల్మెట్: అదే రకం (ఒకే అచ్చు), అద్దం తీసేశారు. ఛాతీ పెట్టె: కొత్తది. బూట్లు: తెలియదు." ఒక్కో తీర్పు పక్కన రెండు సినిమాల నిమిషం, సెకను. చదివేవాళ్ళు తమ ప్రింట్‌లో తెరిచి చూసుకోగలగాలి.

తరచూ జరిగే పొరపాట్లు

విడుదల తేదీని షూటింగ్ తేదీ అనుకోవడం. 1953లో క్యాట్-విమెన్ ఆఫ్ ది మూన్, ప్రాజెక్ట్ మూన్ బేస్ సినిమాలు సెట్లూ దుస్తులూ పంచుకున్నాయి, సెప్టెంబరు మొదటి వారంలో వెంటవెంటనే విడుదలయ్యాయి. ఎవరిది ఎవరు తీసుకున్నారు అని విడుదల తేదీ చూసి చెప్పలేం. ఇటలీలో ఆంటోనియో మార్గెరీటి 1965లో గామా వన్ సినిమాలు నాలుగింటినీ కలిపి తీశాడు. వాటిలో కనిపించేది పంపకం, పునర్వినియోగం కాదు.

షాట్ తిరగబడటం గమనించకపోవడం. ఎడిటింగ్‌లో ఫిల్మ్‌ని అద్దంలోలా తిప్పితే జిప్, గొట్టం పక్కలు మారతాయి. ఫ్రేమ్‌లో అక్షరాలు, డయల్ అంకెలు ఉంటే ముందు అవి చూడండి. లేకపోతే జుట్టు పాపిడి చూడండి.

అందరూ వాడే డిజైన్‌ని ఆధారంగా తీసుకోవడం. గాజు గోళం హెల్మెట్, ముడతల గొట్టం, వెండి బట్ట: ఈ మూడూ ఆ కాలపు ప్రతి రెండో సినిమాలో ఉంటాయి. వీటికి సున్నా మార్కులు వేయండి.

పదిచోట్ల రాసి ఉంది కదా అని నమ్మడం. సినిమా విశేషాల పేజీలు ఒకదాన్ని చూసి ఒకటి ఎక్కించుకుంటాయి. పదీ ఒకే వాక్యమైతే అది ఒక్క సాక్ష్యమే.

సరిగ్గా వచ్చిందా, చూసుకోండి

మొదట్లో తీసి పెట్టుకోమన్న మూడో సినిమా ఇప్పుడు పనికొస్తుంది. సంబంధం లేని ఆ సూట్‌ని కూడా అదే పట్టికలో, అదే కొలతలతో నింపండి. దానికీ మీ మొదటి సూట్‌కీ పది గుర్తుల్లో ఏడు కలిసిపోయాయా? అయితే మీరు ఎంచుకున్న గుర్తులు మరీ మామూలువి. వాటిని తీసేసి నాలుగో మెట్టు నుంచి మళ్ళీ రండి. సంబంధం లేనిది రెండు మూడు దగ్గర ఆగి, మీ జత ఎనిమిది దాటితే పట్టిక పనిచేస్తోంది.

తర్వాత సినిమా పేర్లు చెరిపేసి, మెడ రింగు వరకే కత్తిరించిన ఆరేడు బొమ్మలు ఒక స్నేహితుడికి ఇవ్వండి. ఏవి జతో చెప్పమనండి. ఏం వెతకాలో చెప్పకండి. మీరు చెప్పిన జతనే ఆయనా తీస్తే బలం పెరిగింది. వేరే జత తీస్తే ఎందుకో అడిగి, ఆ గుర్తును పట్టికలో చేర్చండి.

ఆఖరుగా, తేడాలు మాత్రమే వెతుకుతూ రెండు సినిమాలూ ఒకసారి తిరగేయండి. ప్రతి తేడాకూ ఒక మామూలు కారణం చెప్పగలగాలి: రంగేశారు, అద్దం తీశారు, గొట్టం మార్చారు, నటుడు పొట్టివాడు. మెడ రింగు గొళ్ళేలు ఒక దానిలో మూడు, ఇంకో దానిలో నాలుగు ఉంటే ఏ కారణమూ అతకదు. అక్కడ "పోలిక మాత్రమే" అని రాసేయండి.

చేయి తిరగడానికి

మొదట రాకెట్ మనిషితో మొదలుపెట్టండి, 1949 సీరియల్ నుంచి 1953 నాటి కమాండో కోడీ సీరియల్ దాకా: ఛాతీ డయళ్ళు పెద్దవి, తేలిగ్గా దొరుకుతాయి, ఫుటేజ్, బట్ట వేరుచేయడం కూడా అలవాటవుతుంది. తర్వాత ఫర్బిడెన్ ప్లానెట్, ట్వైలైట్ జోన్ జత. రంగు లేకుండా కుట్లను బట్టి పోల్చడం వస్తుంది. డెస్టినేషన్ మూన్‌ని రాబిన్సన్ క్రూసో ఆన్ మార్స్‌తో పోల్చడం మూడోది, కష్టమైనది. పద్నాలుగేళ్ళ ఎడం, మారిన తెర నిష్పత్తి, మార్చిన అలంకరణ. దాన్ని ఫోన్ తెర మీద ప్రయత్నించకండి, మెడ దగ్గర ఏమీ కనపడదు.